డిశ్చార్జి చీటీలో మూడక్షరాలు

మొన్న డిసెంబర్‌లో సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన మూడో రోజు మా అమ్మ బాత్రూమ్‌లో జారింది. పెద్దగా పడడం కూడా కాదు, పడబోతూ నేల మీద చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. అమ్మ వయసు 46. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఇంత చిన్న దెబ్బకి విరగకూడదే అనుకుంటూ డెక్సా స్కాన్ రాశారు. ఎముకలో ఖనిజం ఎంత చిక్కగా ఉందో కొలిచే పరీక్ష అది. టి స్కోరు మైనస్ 2.8 వచ్చింది. మైనస్ 2.5, అంతకంటే కిందకి పోతే ఆస్టియోపోరోసిస్ అంటారు. మా నాయనమ్మకి వచ్చిందంటే నమ్మేవాణ్ణి, అమ్మకి అంటే నమ్మలేకపోయాను.

"ముట్లు ఆగిపోయాయా అమ్మా?" అని అడిగారు డాక్టరు.

"గర్భసంచి తీసేశారండి. పన్నెండేళ్లయింది."

"అండాశయాలు ఉంచారా, అవీ తీసేశారా?"

అమ్మ నా వంక చూసింది. నేను నాన్న వంక చూశాను. నాన్న గోడ మీద క్యాలెండర్ వంక చూశాడు. ముగ్గురిలో ఒక్కరికీ తెలీదు.

ఆ రాత్రి గాజువాకలో మా ఇంట్లో ఇనప్పెట్టె దించాం. రేషన్ కార్డు, ఎల్ఐసీ బాండు, నా పదో తరగతి మార్కుల లిస్టు, వాటి అడుగున పసుపు రంగుకి తిరిగిన డిశ్చార్జి చీటీ దొరికింది. అందులో ఒకే ఒక్క లైను: టి.ఎ.హెచ్. విత్ బి.ఎస్.ఓ. మొదటిదానికి అర్థం పొట్ట కోసి గర్భసంచి తీశారని. రెండోది బైలాటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ. అంటే రెండు పక్కల ట్యూబులు, రెండు అండాశయాలు కూడా తీసేశారని. అప్పటికి అమ్మకి 34.

"ఏటోరా, గర్భసంచి పాడైపోయింది, ఉంచితే కాన్సర్ అవుద్ది అని డాక్టరమ్మ అంది. తీయించేసుకున్నాం. ఇంకేటి తీశారో మాకేటి తెలుస్తాది?" అంది అమ్మ, కట్టు కట్టిన చేత్తో చీటీ అటూ ఇటూ తిప్పి చూస్తూ.

ఆ ఆపరేషన్ అవసరమా కాదా అన్న గొడవలోకి నేను వెళ్లదలుచుకోలేదు. ఆ రోజు ఆ నర్సింగ్ హోమ్‌లో స్కాన్‌లో ఏం కనిపించిందో నాకు తెలీదు, ఆ స్కాన్ కాగితం కూడా ఇప్పుడు లేదు. నన్ను బాధపెట్టే విషయం వేరే ఉంది. ఆ రోజు నుంచి అమ్మకి ఒక హార్మోన్ లోపం మొదలైంది. దానికి పేరుంది, లెక్క ఉంది, మందు ఉంది. పన్నెండేళ్లలో ఒక్కరు కూడా అది లోపం అని ఆమెకి చెప్పలేదు.

పన్నెండేళ్లూ లక్షణాలు లేవా అంటే, బోలెడు ఉన్నాయి. ఆవిర్లు కమ్మేవి. జనవరి చలిలో కూడా ఫ్యాన్ అయిదు మీద ఉండాలి. రాత్రి రెండు గంటలకి లేచి కిటికీ దగ్గర కూర్చునేది. స్టీల్ ప్లాంట్‌లో సి షిఫ్ట్ చేసి పొద్దున్నే ఇంటికొచ్చే నాన్నకి ఎప్పుడూ మెలకువగానే కనిపించేది. కీళ్ల నొప్పులు. ఊరికే కోపం. మా ఇంట్లో దాని మీద జోకులు కూడా ఉండేవి, వాటిలో సగం నావే. మేం చెప్పుకున్న కారణాలు: సముద్రపు ఉప్పుగాలి, పోర్టు బొగ్గు దుమ్ము, గ్యాస్ ట్రబుల్, నా చదువు గురించి బెంగ. వెళ్లిన చోటల్లా బీ కాంప్లెక్స్ ఇంజక్షన్లు, గ్యాస్ మాత్రలు, ఒకసారి నిద్రమాత్రలు ఇచ్చారు. అన్నిటినీ కలిపి చూసిన మొదటి మనిషి ఒక ఎముకల డాక్టరు, అదీ చెయ్యి విరిగాక.

మనం కంట్రోల్ సిస్టమ్స్ చదువుకున్నవాళ్లం కాబట్టి ఇది అర్థం చేసుకోవడం నిజానికి మనకి తేలిక. మెదడు అడుగున హైపోథలామస్ గంటకో గంటన్నరకో ఒకసారి జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోన్‌ని పల్స్‌లాగా వదులుతుంది. (మెదడు తయారుచేసే ఇలాంటి పెప్టైడ్ హార్మోన్ల మీద పని చేసినందుకే గిలెమిన్, షాలీలకు 1977లో నోబెల్ వచ్చింది.) ఆ పల్స్ అందుకుని పిట్యూటరీ గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అనే రెండు సిగ్నళ్లు పంపుతుంది. అవి అండాశయాన్ని తట్టి లేపితే అది ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. ఈస్ట్రోజన్ సరిపడా ఉందని పైకి కబురు వెళ్తే పిట్యూటరీ తగ్గుతుంది. అచ్చం మన ఫీడ్‌బ్యాక్ లూప్. ఇప్పుడు ఆ లూప్‌లోంచి అండాశయం తీసేయండి. పైకి కబురు రాదు. పిట్యూటరీ గొంతు పెంచుతూనే ఉంటుంది, వినేవాడు లేడు. అమ్మకి ఈ జనవరిలో ఎఫ్.ఎస్.హెచ్. పరీక్ష చేయిస్తే 78 వచ్చింది. నెలసరి సక్రమంగా వస్తున్న ఆడవాళ్లలో మామూలు రోజుల్లో ఇది పది లోపే ఉంటుంది.

వయసుతో సహజంగా వచ్చే మెనోపాజ్ ఇలా ఉండదు. అండాశయం కొన్నేళ్లపాటు మెల్లగా తగ్గుతూ వస్తుంది, శరీరానికి సర్దుకునే టైము ఉంటుంది. ఈస్ట్రోజన్ ఆగాక కూడా అండాశయం కొంత టెస్టోస్టిరాన్ తయారుచేస్తూనే ఉంటుంది. ఆపరేషన్‌తో అయితే ఒక మధ్యాహ్నం స్విచ్ తీసేసినట్టే. ఈస్ట్రోజన్‌కి గర్భసంచితోనే పని అనుకుంటాం. ఎముకని తినే కణాలకి పగ్గం వేసేది అదే, రక్తనాళాలు, మెదడు, నిద్ర, చర్మం అన్నిటికీ దానితో పని ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత రావాల్సినది 34కే వస్తే ఎముకలకి అన్నేళ్లూ అదనపు నష్టం.

ఇది మా ఇంటి కథే అయితే ఈ పత్రికలో మూడు పేజీలు అడగను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. రెండో స్థానం తెలంగాణది, 7.7. మన రెండు రాష్ట్రాలూ మొదటి రెండు ర్యాంకులు తెచ్చుకున్న పట్టిక ఇది. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటులో జరిగాయి, ఎక్కువ మంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం.

అధిక రక్తస్రావం చిన్న బాధ కాదు, అది అనుభవించే మనిషికే తెలుస్తుంది. ఫైబ్రాయిడ్లతో రక్తం లేక తెల్లబడిపోయినవాళ్లకి ఈ ఆపరేషన్ ప్రాణం నిలబెట్టిన సందర్భాలున్నాయి. మందులతోనో, లోపల అమర్చే హార్మోన్ పరికరంతోనో తగ్గించొచ్చు అన్నది కూడా నిజమే, కానీ దానికి పదే పదే ఆస్పత్రికి రావాలి. వరి నాట్లకి, జీడిపిక్కల ఫ్యాక్టరీకి, చేపల హార్బర్‌కి పనికి వెళ్లే మనిషి ఎన్నిసార్లు వస్తుంది? పని చోట బాత్రూమ్ ఉండదు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు, తీయించేసుకుంటే పీడ పోద్ది" అని ఆడవాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు. డాక్టర్ని ఒక్కణ్ణే తిట్టి చేతులు దులుపుకోలేం.

అవసరం లేని ఆపరేషన్ల మీద దేశంలో చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు కోసే ఆడవాళ్ల గురించి 2019లో పేపర్లలో చదివే ఉంటారు. అక్కడ ప్రభుత్వం సుమారు 82 వేల మందిని సర్వే చేస్తే 13 వేల మందికి పైగా గర్భసంచి లేదని తేలింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలంది. మంచిదే. కానీ ఈ చర్చంతా జరగబోయే ఆపరేషన్ల గురించి. ఇప్పటికే అయిపోయిన లక్షల మంది సంగతేంటి? వాళ్లలో ఎంతమందికి అండాశయాలు కూడా పోయాయి?

ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను సర్వే ప్రశ్నాపత్రం దాకా వెళ్లాను. గర్భసంచి తీయించుకున్నారా అని అడుగుతారు. ఎన్నేళ్లయింది, ఎక్కడ, ఎందుకు అని అడుగుతారు. అండాశయాల మాట లేదు. మా అమ్మని అడిగినా చెప్పలేకపోయేది అనుకోండి, అది వేరే సంగతి. అంటే దేశంలో మొదటి ర్యాంకు రాష్ట్రంలో, ఎంతమంది యువతులకి శాశ్వతమైన ఈస్ట్రోజన్ లోపం ఉందో ఆ సర్వే చూసి ఎవరూ చెప్పలేరు.

ఇక పరిశోధన. ఈ విషయంలో ప్రపంచం మొత్తాన్ని భయపెట్టిన అధ్యయనం అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్. 16,608 మంది ఆడవాళ్లకి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు. రొమ్ము కాన్సర్, గుండెపోటు, పక్షవాతం కాస్త పెరుగుతున్నాయని 2002 జులైలో మధ్యలోనే ఆపేశారు. ఎంత కాస్త? ఏడాదికి పదివేల మందిలో రొమ్ము కాన్సర్లు ఎనిమిది ఎక్కువ, తుంటి ఎముక విరగడాలు ఐదు తక్కువ. పేపర్లలో శీర్షికలు మాత్రం అలా రాలేదు. "హార్మోన్ మందు అంటే కాన్సర్" అన్న ఒక్క ముక్కే గాజువాక మెడికల్ షాపు దాకా వచ్చింది. అమ్మకి పరీక్షలు చేయిస్తున్నానని చెప్తే మా వీధి షాపులో అన్నయ్య నాతో అన్న మాట కూడా అదే.

ఆ అధ్యయనంలో చేరినవాళ్లు 50 నుంచి 79 ఏళ్లవాళ్లు. సగటు వయసు 63. మా అమ్మ 34లో పోగొట్టుకున్న హార్మోన్ గురించి మనం భయపడుతున్నది 63 ఏళ్ల అమెరికా ఆడవాళ్ల లెక్కలు చూసి. ఇంకో విషయం. గర్భసంచి లేనివాళ్లకి ప్రొజెస్టిన్ అవసరమే లేదు, అది ఇచ్చేది గర్భసంచి లోపలి పొరని కాపాడడానికి. అలాంటివాళ్లతోనే అదే అధ్యయనంలో ఇంకో విభాగం నడిచింది, 10,739 మందితో, ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చి. దాన్ని 2004లో ఆపారు, పక్షవాతం పెరిగిందని. రొమ్ము కాన్సర్ మాత్రం అందులో పెరగలేదు. ఈ రెండో భాగం ఎవరికీ గుర్తు లేదు.

చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్ల గురించి బాగా చెప్పిన పరిశోధన మేయో క్లినిక్ వాళ్లది. మినెసోటాలో ఓమ్‌స్టెడ్ అనే కౌంటీ, మన విశాఖలో ఒక మూలకి సరిపోయేంత జనాభా. అక్కడ 1950 నుంచి 1987 వరకు అండాశయాలు తీయించుకున్నవాళ్లని, అదే వయసున్న మిగతావాళ్లతో పోల్చి ఏళ్ల తరబడి చూశారు. 45 ఏళ్లలోపు రెండూ పోయి, ఆ తర్వాత ఈస్ట్రోజన్ వాడనివాళ్లలో మరణాలు ఎక్కువ. పెద్దయ్యాక మతిమరుపు కూడా ఎక్కువ. ఇలాంటి అధ్యయనాలు కారణాన్ని పక్కాగా నిరూపించలేవు, ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లు ముందే వేరే జబ్బులతో ఉండి ఉండొచ్చు. కానీ ఇంతకంటే గట్టి ప్రయోగం చేయలేం కదా, చీటీలు తీసి సగం మందికి అండాశయాలు తీసేస్తాం అంటే ఎవరొప్పుకుంటారు?

అసలు అక్కడ ఆ పరిశోధన ఎలా సాధ్యమైంది? గొప్ప యంత్రాలేం లేవు. ఆ కౌంటీలో ఏ ఆస్పత్రికి వెళ్లినా కాగితాలు పోవు, ఒకరి కాగితాలన్నీ ఒకచోట కలుస్తాయి, అంతే. మన ఇనప్పెట్టెలో పసుపు చీటీకి, వాళ్ల రికార్డు గదికి ఉన్న తేడాయే ఇక్కడ పరిశోధన లేకపోవడానికి సగం కారణం అని నాకనిపిస్తుంది.

గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా పూర్తిగా నిశ్చింత లేదు. నార్త్ కెరొలినాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 30 నుంచి 47 ఏళ్ల మధ్య గర్భసంచి తీయించుకున్న 406 మందిని, తీయించుకోని 465 మందిని పోల్చారు. నాలుగేళ్లకి అండాశయాలు పనిచేయడం ఆగినవాళ్లు మొదటి గుంపులో 14.8 శాతం, రెండో గుంపులో 8 శాతం. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి, ఆగిందని ఆ మనిషికి తెలిసే దారే లేదు.

మన దగ్గర ఏమీ జరగలేదా అంటే, దగ్గరగా వచ్చిన పని ఒకటుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న గారు, ఆవిడ తోటివాళ్లు కలిసి పేద కుటుంబాల్లో 30 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లు 289 మంది ఎముకలు కొలిచి 2005లో ప్రచురించారు. తొడ ఎముక మెడ దగ్గర 29 శాతం మందికి ఆస్టియోపోరోసిస్, ఇంకో 52 శాతం మంది దాని అంచున ఉన్నారు. తిండిలో కాల్షియం తక్కువ, ఒంటి బరువు తక్కువ, పని ఎక్కువ. అంటే మన ఆడవాళ్ల ఎముక మొదటి నుంచే పలచన. అలాంటి ఎముక మీద నుంచి ఈస్ట్రోజన్ కాపలా 34లో తీసేస్తే ఏమవుతుంది? మినెసోటా ఎముకకి అయినంతే అవుతుందా, ఎక్కువ అవుతుందా? మందు డోసు అదే సరిపోతుందా? ఇవి ఇక్కడ మాత్రమే తేల్చగలిగే ప్రశ్నలు.

ఈ పరిశోధనకి ఇంతకంటే సరైన చోటు లేదని నా అభిప్రాయం. విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది, 1923 నుంచి. కేజీహెచ్ ఉంది. వన్‌టౌన్‌లో మనవాళ్లు ఇప్పటికీ ఘోషా ఆస్పత్రి అని పిలిచే విక్టోరియా ఆస్పత్రి ఉంది, ఆడవాళ్లకే. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఏజెన్సీ నుంచి జనం ఇక్కడికే వస్తారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, ప్రతి ఆపరేషన్‌కీ కంప్యూటర్‌లో ముందస్తు అనుమతి తీసుకుని నడిచిన పథకం. అంటే పథకం కింద జరిగినవాటికైనా ఒక రికార్డంటూ మొదలై ఉంటుంది. పేర్లు బయటకి రాకుండా దాన్ని తవ్వడం, గ్రామాల్లో ఆశా కార్యకర్త అడిగే ప్రశ్నల్లో ఇంకొకటి చేర్చడం, ఏటా ఒక ఎఫ్.ఎస్.హెచ్., రెండేళ్లకో డెక్సా. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. డేటాబేస్ పని మాత్రం చాలా ఉంది, అది చేసేవాళ్లు మన క్యాంటీన్‌లో బోలెడు మంది ఉన్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మళ్లీ ఇంకో అటెండెన్స్ యాప్ చేసేకంటే ఇది నయం కదా.

ఒక మాట అడగాలనిపిస్తుంది, మొహమాటం లేకుండా అడుగుతాను. 34 ఏళ్ల మగవాడికి ఏదో ఆపరేషన్ చేస్తూ, ఎందుకైనా మంచిదని రెండు వృషణాలూ తీసేసి, చీటీలో మూడక్షరాలు రాసి ఇంటికి పంపిస్తే మనం ఊరుకుంటామా? అతనికి టెస్టోస్టిరాన్ ఇవ్వాలా వద్దా అని పన్నెండేళ్లు ఎవరూ అడక్కుండా ఉంటారా? కాన్సర్ భయం ఉన్నచోట, వంశంలో ఆ జన్యువు ఉన్నచోట అండాశయాలు తీయడం సరైనదే. అప్పుడు కూడా తీశాం అని ఆ మనిషికి తెలుగులో చెప్పాలి, తర్వాత ఏం చేయాలో రాసివ్వాలి. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకి, రొమ్ము కాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఇచ్చేది లేనిదాన్ని భర్తీ చేయడానికి, ఉన్నదాని మీద అదనంగా పోయడానికి కాదు. థైరాయిడ్ తీసేసినవాళ్లకి రోజూ మాత్ర ఇవ్వమా? దానికెవరూ భయపడరు.

అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఎండోక్రైనాలజిస్టు గారు మామోగ్రామ్, బీపీ, లివర్ పరీక్షలు అన్నీ చూశాక చిన్న డోసు ఈస్ట్రోజన్ జెల్ రాశారు, ఎముకలకి వేరే మందు, కాల్షియం, విటమిన్ డి. పోయిన ఎముక అంతా తిరిగి రాదని ముందే చెప్పేశారు. నిద్ర మాత్రం మూడో వారానికే మారింది. నాన్న ఒక రోజు సి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి తలుపు కొడుతుంటే ఎవరూ తియ్యలేదట, భయపడి నాకు ఫోన్ చేశాడు. అమ్మ నిద్రపోతోంది.

ఆ తర్వాత అమ్మే నన్ను కూర్చోబెట్టి వరసగా ఫోన్లు చేయించింది. మా పెద్దమ్మ, ఇద్దరు పిన్నులు, పెద్ద మేనత్త. నలుగురిలో ముగ్గురికి గర్భసంచి లేదు, ముగ్గురికీ నలభై లోపే తీశారు. పెద్దమ్మ చీటీ ఫొటో తీసి పంపింది, ఆవిడకి అండాశయాలు ఉంచారు. మేనత్త చీటీ హుద్‌హుద్ తుఫానులో నీళ్లు తగిలి ముద్దయిపోయిందట, ఆవిడకి స్కాన్ తీయించాలి. చోడవరం పిన్ని ఇంకా వెతుకుతోంది.